చిన్నబాబు పర్రలో గుంటనక్క

గుంటనక్క అనే మాట మా బంటుమిల్లిలో తెలియనివాడు లేడు. సొసైటీ మీటింగులో ప్రెసిడెంటుని అంటారు, పంపకాల దగ్గర తోడల్లుణ్ణి అంటారు, మందు వాడకుండానే పనిచేయలేదంటూ డబ్బా వెనక్కి తెచ్చేవాణ్ణి నేనూ అంటాను. ఆ జంతువును కళ్ళతో చూసినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడూ లేడు. చూశానని ఎవడైనా అంటే వాడు చూసింది మామూలు నక్కను. ఈ తేడా నాకు చెప్పింది సాయిసుధ. ఆమె చెప్పేదాకా నాకూ రెండూ ఒకటే.

నా పేరు జనార్దనరావు. రొయ్యల మేత, మందుల కొట్టు నాది. కొట్టు పైన మేడ మీద ఆక్వా ల్యాబ్. రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు, థర్మాకోల్ పెట్టెల్లో ఐసు మధ్య రొయ్యలు పట్టుకొచ్చి ఆ మెట్లెక్కుతారు. ఏ జబ్బో తేల్చి చెప్పడం సాయిసుధ పని. పైన ఆమె మాట విని, కిందికి దిగి నా దగ్గర మందు కొంటారు. నేను రోజంతా నోరు మూయను, ఆమె రోజంతా నోరు తెరవదు. అందుకేనేమో మాకు బాగా కుదిరింది. ఆమె నన్ను బాబాయి గారూ అంటుంది, నేను అమ్మాయ్ అంటాను.

వాళ్ళ నాన్నగారు పురుషోత్తం బందరులో సైన్సు మాస్టారుగా చేసి పోయారు. సుధ ఎమ్మెస్సీ జువాలజీ చదివింది. పెళ్ళయింది, నిలవలేదు. అంతకు మించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తల్లితో గుడ్లవల్లేరులో ఉంటూ స్కూటీ మీద వస్తుంది. చదువయ్యాక గుంటనక్కల మీద పరిశోధన చేద్దామని యూనివర్సిటీకి వెళ్తే అక్కడి ప్రొఫెసరు నవ్వాడట. "డెల్టాలో గుంటనక్క ఎక్కడుందమ్మా? అంతా వరి, అంతా నీళ్ళు. మీరు చూసేవి నక్కలు. రొయ్య మీద చెయ్యండి, ఉద్యోగమైనా వస్తుంది" అన్నాడట. ఈవిడ రొయ్య మీద చెయ్యనని వచ్చేసింది. చివరికి ఉద్యోగం వచ్చింది మాత్రం రొయ్యల్లోనే. తలరాత అంటే ఇదే.

కానీ వెతకడం మానలేదు. ఆదివారం వస్తే బస్సెక్కి అవనిగడ్డ వెళ్ళేది. అక్కణ్ణుంచి ఆటోలో ఎక్కడికో, తర్వాత కరకట్ట మీద నడక. సాయంత్రానికి ముఖం కమిలిపోయి, చేతిలో ఒక కవరుతో తిరిగొచ్చేది. అందులో ఏముందని ఒకసారి మా ఆవిడ అడిగింది. నక్క పెంట అంది సుధ. ఆదివారం పూట నక్క పెంట ఏరుకునే ఆడపిల్లను ఇప్పుడే చూస్తున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ల్యాబుకి వచ్చే రైతులకు ఈమె పిచ్చి తెలుసు. ఎవరో ఒకరు కావాలని కదిపేవాళ్ళు.

"మేడం, మా గట్టు మీద గుంటనక్క తిరుగుతోందండీ."

ఆమె చేతిలో పని వదిలేసేది. "ఎంత ఉందండీ? కుక్కంతా, పిల్లికంటే కాస్త ఎక్కువా?"

"కుక్కంత ఉందండీ. తోక కొస నల్లగా ఉంది."

"కొస నలుపు నక్కకీ ఉంటుందండీ, దాన్ని నమ్మకూడదు. తోక పొడుగు చూడాలి. ఒంట్లో సగానికి మించి ఉంటే గుంటనక్క. చెవులు పెద్దవి, కాళ్ళు పుల్లల్లా ఉంటాయి, బూడిద రంగు. మీరు చూసింది నక్కేనండీ."

ఆ రైతుకి ముఖం పడిపోయేది, తన చెరువుకి వైట్ స్పాట్ జబ్బు వచ్చిందని చెప్పినట్టు. వాడు ఏడిపించడానికే వచ్చినా సరే, చివరికి గుంటనక్క కాకుండా పోయినందుకు బాధపడి వెళ్ళేవాడు. నాకు నవ్వొచ్చేది. ఆమెకు రాదు.

చెరువు నీళ్ళల్లో ప్రాణవాయువు తెల్లవారేముందు బాగా పడిపోతుంది. రొయ్య చావాలంటే ఆ వేళకే చస్తుంది. అందుకని అది కొలిచే పరికరం పట్టుకుని వెలుగు రాకముందే గట్ల మీదికి వెళ్ళడం సుధ ఉద్యోగంలో భాగం. పొగమంచులో, మోకాళ్ళ దాకా బురదతో తిరిగే ఉద్యోగం కోసం ఎవరూ పోటీ పడరు. ఆమె ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నక్కలు తిరిగే వేళ కూడా అదే కదా.

కిందటేడు మాఘమాసంలో ఒక పొద్దున నేను అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాను. స్కూటీ స్టాండు కూడా సరిగ్గా వేయకుండా దిగి వచ్చింది. మంచినీళ్ళడిగింది, తాగింది, మళ్ళీ అడిగింది. తర్వాత ఫోను తీసి నా చేతిలో పెట్టింది. సర్కారు తుమ్మ చెట్ల మధ్య చౌడు దిబ్బ, దానికి బొరియలు. ఒక బొరియ ముందు కూర్చుని ఉంది అది. పిల్లికంటే కాస్త పెద్దది, బూడిద రంగు, ముఖానికి మించిన చెవులు. చూపంతా సుధ వైపే. పొట్ట బరువుగా కిందికి దిగి ఉంది.

"ఉంది బాబాయి గారూ" అంది. అంతే అంది. ఇన్నేళ్ళలో ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. దిబ్బ ఉన్న పర్ర చిన్నబాబుది. పర్రంటే ఉప్పు తేలిన బీడు, మా ప్రాంతంలో సముద్రం వైపు అలాంటి భూములు ఒకప్పుడు మైళ్ళకొద్దీ ఉండేవి. ఇప్పుడు అన్నీ చెరువులే. ఈ ముక్క ఎలాగో మిగిలింది. అది కూడా ఉగాదిలోపు తవ్వించడానికి చిన్నబాబు పొక్లెయిన్ మాట్లాడేశాడని నాకు తెలుసు, ఎందుకంటే ఆ చెరువులకు కావలసిన సున్నం, బ్లీచింగు నాకే చెప్పాడు. ఆ సంగతి చెప్తే సుధ మెట్ల మీద కూర్చుండిపోయింది.

చిన్నబాబు చెడ్డవాడు కాదు. యాభై దాటినవాడు, బోలెడు చెరువులున్నవాడు, నోరు మంచిది. కాకపోతే రొయ్య రైతు. రొయ్య రైతు దేవుడికంటే శకునాన్ని ఎక్కువ నమ్ముతాడు. నమ్మక ఏం చేస్తాడు? రాత్రి గంతులేసిన రొయ్య తెల్లారేసరికి గట్టు వారన తేలుతుంది. చిన్నబాబు ముహూర్తం లేనిదే చెరువులో రొయ్య పిల్ల వదలడు. నీళ్ళు చిలికే ఏరియేటర్లకు నిమ్మకాయలు కడతాడు. పంట పోయినవాడెవడైనా తన గట్టు మీద కాలు పెడితే ఆ రోజంతా అన్నం తినడు. ఎదురుగా ఎవరొచ్చారో చూసుకోకుండా గేటు దాటడు.

సుధ అతన్ని నా కొట్లోనే పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను.

"చిన్నబాబు గారూ, మీ పర్రలో గుంటనక్క ఉందండీ. పిల్లలు పెట్టబోతోంది. తొలకరి పడేదాకా తవ్వకం ఆపితే చాలండీ. అప్పటికి పిల్లలు పెద్దవైపోతాయి, వాటి దారి అవి చూసుకుంటాయి."

"తొలకరి దాకా అంటే ఒక పంట పోద్ది కదా మేడం" అన్నాడు చిన్నబాబు. "ఆ పర్రకి పట్టా నాకుందండీ. నక్కకి లేదుగా."

అడవి జంతువులకు చట్టం ఉందని చెప్పింది సుధ. చట్టం చెరువులకీ ఉంది, ఎవరు పట్టించుకున్నారన్నాడు, నవ్వుతూనే. డెల్టాలో ఇలాంటిది ఇంకోటి ఉందో లేదో తెలియదని చెప్పింది. పాపం అన్నాడు, అంటూనే బండి తాళాలు తీశాడు. అతను మెట్టు దిగుతుంటే సుధ వెనకనుంచి అంది, గొంతు మార్చి, ఆమె గొంతే కానట్టు.

"పొద్దున్నే నక్క ముఖం చూస్తే కలిసొస్తుందంటారు కదండీ."

చిన్నబాబు ఆగాడు.

"మీ పర్రలో ఉన్న సంగతి ఇంకెవరికీ తెలియదు. రోజూ పొద్దున్నే చూడొచ్చు మీరు. దాని ఇల్లు తవ్వేస్తే మాత్రం..." అని ఆపేసింది.

"రోజూ కనిపిస్తదా మేడం?"

"దూరంగా నిలబడి, చప్పుడు చేయకుండా చూస్తే కనిపిస్తుందండీ."

ఆ సాయంత్రమే పొక్లెయిన్ వాడికి వద్దని ఫోను చేశాడు చిన్నబాబు. నేను సుధతో, భలే కొట్టావమ్మాయ్ అన్నాను. ఆమె సంతోషపడలేదు. తండ్రి శకునాలను చూసి నవ్వేవారట, వాటి మీద పాఠం చెప్పేవారట. "నాన్నగారుంటే తిట్టేవారు" అంది. ప్రాణం నిలబెట్టడానికి ఒక అబద్ధమాడితే తప్పు లేదని పెద్దలే చెప్పారమ్మా అని నేను సర్ది చెప్పాను. అప్పటికి ఆ మాట సరైనదే అనిపించింది, ఇప్పుడు కూడా తప్పని అనలేను.

ఫాల్గుణం వచ్చేసరికి పిల్లలు బయటికి వచ్చాయి. నాలుగు. సుధ రోజూ పొద్దున్నే ఒక గట్టు వెనక బోర్లా పడుకుని చూసేది. తల్లి పీతలు తెచ్చేదట, ఎలుకలు తెచ్చేదట, తండ్రి నక్క కాస్త దూరంలో కాపలా కూర్చునేదట. పిల్లలు ఒకదాని తోక ఒకటి పట్టి లాగేవట. ఇవన్నీ నాకు చెప్పేటప్పుడు ఆమె చేతులు కూడా మాట్లాడేవి. తొలకరి ఇంకెంతో దూరం లేదనుకునేది.

ఆ పంటకే మా మండలమంతా వైట్ స్పాట్ దిగింది. ల్యాబు మెట్ల మీద థర్మాకోల్ పెట్టెలు వరసగా ఉండేవి. ఒకరి తర్వాత ఒకరు చెరువులు ఖాళీ చేసుకున్నారు, చిటికెన వేలంత రొయ్యను కూడా పట్టి అమ్ముకున్నారు. చిన్నబాబు చెరువులు మాత్రం నిలిచాయి. నిలవడానికి కారణాలున్నాయి. పక్క చెరువుల నుంచి జబ్బు మోసే పీతలు రాకుండా చుట్టూ వల కట్టించాడు, రొయ్య పిల్లను టెస్టు చేయించి మరీ వదిలాడు, బయటి నీళ్ళు చెరువులోకి రానివ్వలేదు. సుధే ఇవన్నీ చేయించింది. అదే మాట అతనికి చెప్పింది కూడా.

"అవన్నీ కిందటేడూ ఉన్నాయిగా మేడం" అన్నాడు చిన్నబాబు. "కిందటేడు లేనిది నక్కే."

ఇలాంటి వాదనకు జవాబు ఏ యూనివర్సిటీలోనూ చెప్పరు. రొయ్యల పట్టుబడి బాగా వచ్చిన రోజు చిన్నబాబు టీకొట్టు దగ్గర నిలబడి అందరికీ చెప్పేశాడు. దాచుకోవడం చేతకాని మనిషి. పైగా మంచిదేదైనా నలుగురికీ పంచాలనుకునేవాడు. నేనీ సంగతి చెప్పుకుంటూ ఎవరినైనా తిట్టాలనుకుంటే తిట్టడానికి మనిషి దొరకడు, అదే నా కడుపుమంట.

మర్నాటి నుంచి పర్ర గట్టు మీద మోటారుసైకిళ్ళు. కొత్తగా పిల్ల వదలబోయేవాళ్ళు, పంట పోయినవాళ్ళు, కొడుక్కి సంబంధం చూడబోతున్నవాళ్ళు, పరీక్షకెళ్ళేవాళ్ళు. ముందు నక్క ముఖం, తర్వాతే ఏ పనైనా. బాబ్జీ అనే మేత కంపెనీ ఏజెంటు దాన్ని వీడియో తీసి స్టేటస్ పెట్టాడు. గుడివాడ నుంచి కార్లు రావడం మొదలైంది. చిన్నబాబు సంబరంగా తాడు కట్టించి, అందరినీ తాడుకి ఇవతలే నిలబెట్టేవాడు. చెప్పులు విడిచి దండం పెట్టినవాళ్ళను కూడా నేను చూశాను.

నక్కకు చూపించుకోవాలన్న సరదా ఏమీ ఉండదు కదా. జనం ఎక్కువైతే బొరియలో దూరిపోయేది. అంత దూరం వచ్చి ముఖం చూడకుండా వెళ్ళడం అపశకునమన్నారు. అందుకని చిన్నబాబు సెంటర్లోని చికెన్ కొట్టు నుంచి కోడి కాళ్ళు, పేగులు బకెట్లతో తెప్పించి దిబ్బ దగ్గర వేయించాడు.

సుధ పరుగెత్తుకుంటూ వెళ్ళింది.

"అలా వెయ్యకండి, దయచేసి. కుక్కలొస్తాయి. దానికి భయం పోతుంది. దాని తిండి అది తెచ్చుకుంటుందండీ."

"లక్ష్మీదేవిని ఆకలితో కూర్చోబెట్టమంటారా మేడం?" అన్నాడు చిన్నబాబు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

కుక్కలు వచ్చాయి. ముందు రెండో మూడో, తర్వాత ఆ దారిలో ఉన్న ఊళ్ళన్నిటి కుక్కలూ. సుధ పొద్దున్నే కర్ర పట్టుకుని వాటిని తరిమేది. ల్యాబు పని ముగిశాక సాయంత్రం మళ్ళీ వెళ్ళేది. చికెన్ కొట్టువాణ్ణి బతిమాలింది. వాడు తలూపి, చిన్నబాబు గారు అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటానండీ అన్నాడు. ఫారెస్టు వాళ్ళకు చెప్పమని నేను సలహా ఇచ్చాను.

"చెప్తే పేపరోళ్ళొస్తారు బాబాయి గారూ. వాళ్ళ వెనక ఇంకో వందమంది వస్తారు" అంది.

చివరికి ఒకరోజు తాడు దగ్గర జనం ముందు నిలబడి నిజం చెప్పేసింది. నేను ఆ పొద్దున చిన్నబాబుకి మందు డబ్బాలు ఇవ్వడానికి వెళ్ళి ఉన్నాను కాబట్టి చూశాను. నలుగురిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు.

"నక్క ముఖం చూస్తే ఏమీ కలిసిరాదండీ. తవ్వకం ఆపడానికి నేనే ఆ మాటన్నాను. అబద్ధం చెప్పాను. మీరంతా దయచేసి ఇళ్ళకి వెళ్ళిపోండి. ఇది జంతువు, దానికి పిల్లలున్నాయి."

వెనకనుంచి రాజబాబు అనే రైతు అన్నాడు, నెమ్మదిగానే. "మీరొక్కరే చూసుకోవాలని ఉంటే ఉండొచ్చు మేడం. మా చెరువులు కూడా పండాలి కదండీ."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఎవరికీ ఆమె మీద కోపం లేదు. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కడు నమ్మితే ఊరంతా నమ్మింది, నిజం చెప్పినప్పుడు ఆ ఒక్కడు కూడా నమ్మలేదు. నాకు అప్పుడు ఆ జనం మీద ఎంత కోపం వచ్చిందంటే, డబ్బాలు అక్కడే గట్టు మీద పడేసి వచ్చేశాను. తర్వాత వెళ్ళి తెచ్చుకున్నాననుకోండి, వ్యాపారం వ్యాపారమే.

వైశాఖం ఎండల్లో ఒక పిల్ల పట్టపగలు పర్ర మధ్యలో తూలుతూ తిరిగింది. కళ్ళు పుసి కట్టి ఉన్నాయి. మనుషుల్ని చూసి పారిపోలేదు. ముఖం ఇంత బాగా ఎప్పుడూ కనపడలేదని ఆ రోజు వచ్చినవాళ్ళు తృప్తిపడ్డారు. కుక్కల జబ్బు అంటుకుందని సుధకు చూడగానే తెలిసింది. గుడివాడ నుంచి పశువుల డాక్టరును తీసుకొచ్చింది. ఊరకుక్కలకైతే టీకా వేయొచ్చు, ఒకసారి జబ్బు పడ్డ అడవి జంతువుకి చెయ్యగలిగింది ఏమీ లేదని ఆయన ఉన్నమాట చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల పోయింది. వెనకే ఇంకోటి పోయింది. మిగతా రెండూ, తండ్రి నక్కా ఏమయ్యాయో తెలియదు. బొరియలోనే పోయాయో, కుక్కలు తరిమాయో.

తొలకరికి ఇంకా టైముంది. తల్లి ఒక్కటీ బతికినా ఆ చోటు నిలుస్తుందని సుధ ఆశ పెట్టుకుంది. నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ ఎరగనన్నదట అని సామెత చెప్పుకుంటాం. ఆ నాలుగు పిల్లలకూ ఒక్క వాన కూడా చూసే రాత లేకపోయింది.

తర్వాత వారంలోనే ఒక ఉదయం చిన్నబాబు కొట్టు ముందు కారు ఆపి, థర్మాకోల్ పెట్టె రెండు చేతులతో ఎత్తుకుని దిగాడు. రొయ్యల పెట్టెను అలా గుండెకి ఆనించుకుని ఎవరూ మొయ్యరు. నన్ను చూడకుండా మెట్లెక్కుతుంటే నేను వెనకే వెళ్ళాను. సుధ సూక్ష్మదర్శిని ముందు నుంచి లేచి, అలవాటు ప్రకారం చేతి తొడుగులు వేసుకుంది.

"ఏ చెరువుదండీ?" అంటూ మూత తీసింది.

ఐసు మధ్య తల్లి నక్క ఉంది. పెద్ద చెవులు వెనక్కి మడత పడి ఉన్నాయి. పొడుగైన తోకను ఎవరో జాగ్రత్తగా ఒంటి చుట్టూ తిప్పి సర్దారు.

"దిబ్బ పక్కనే పడుందండీ" అన్నాడు చిన్నబాబు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. "నా తల్లి పోయిందండీ. మీరు టెస్టు చేసి చెప్పండి మేడం, ఏ జబ్బో. రొయ్యకి చేస్తారుగా, అదే మిషను మీద చెయ్యండి. నా చెరువులకేమన్నా అంటుకుంటదా?"

సుధ తోకను తీసి ఒంటి పక్కన చాచి చూసింది. సగానికి మించే ఉంది. ఇన్నేళ్ళు ఎవరెవరినో అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు ఆమె బల్ల మీద ఉంది. తొడుగు వేసిన చేత్తో ఆ తోకను మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలాగే సర్దింది.

"మీ చెరువులకి అంటుకోదండీ" అంది.

చిన్నబాబు ఊపిరి వదిలాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ప్రాధేయపడుతున్నట్టు అడిగాడు. "ఇంకో జత ఎక్కడైనా ఉంటే చెప్పండి మేడం. మీకే తెలుస్తుంది. యానాదుల్ని పెట్టి దెబ్బ తగలకుండా పట్టించి తెప్పిస్తా. ఈసారి కుక్కలు రాకుండా ఇనప కంచె వేయిస్తా. కోడి పేగులు వద్దన్నారుగా, మేకమాంసమే పెడదాం."

"లేవండీ" అంది సుధ.

"ఎక్కడా లేవా? అవనిగడ్డ వైపు?"

"ఎక్కడా లేవండీ. ఇదొక్కటే."

అతను వెళ్ళాక నేను ఆగలేకపోయాను. పక్క గదిలో పెద్ద ఫ్రీజరుంది. "దీన్ని అందులో పెట్టమ్మాయ్. ఆ ప్రొఫెసరు ముఖాన పడేద్దాం. డెల్టాలో లేదన్నాడుగా. నీ పేరు పేపర్లో వస్తుంది, పుస్తకాల్లో వస్తుంది. ఇంత కష్టపడ్డావు" అన్నాను.

"చూపిస్తే ఎక్కడ దొరికిందని అడుగుతారు బాబాయి గారూ. అడిగితే చెప్పాలి. చెప్తే మళ్ళీ వస్తారు. చదువుకున్నవాళ్ళు కెమెరాలతో వస్తారు, మనవాళ్ళు బకెట్లతో వస్తారు" అంది. ఆ మాటంటూ ఏడ్చింది. పెద్దగా ఏడవలేదు. రొయ్యలు కోసే పళ్ళెం కడుక్కుంటూ, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

సాయంత్రం మేమిద్దరం మా పొలం మూల గొయ్యి తీసి పాతిపెట్టాం. కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చాం. నెల తిరక్కుండా పర్రలోకి పొక్లెయిన్ వచ్చింది. దిబ్బను ముందు తవ్వేశారు. ఇప్పుడక్కడ చెరువే, ఏరియేటర్లకు నిమ్మకాయలు కూడా కట్టారు.

సుధ ఉద్యోగం మానలేదు. పొద్దున్నే గట్ల మీదికి వెళ్తూనే ఉంది. మనిషి మాత్రం మారింది. ఎవరైనా గుంటనక్కను చూశామంటే ఇదివరకటిలా పని వదిలేసి ప్రశ్నలడగదు. "నక్కేనండీ" అంటుంది, తల ఎత్తకుండా. ఒకతను చెవులు, కాళ్ళు, తోక పొడుగు అన్నీ ఆమె నేర్పినట్టే గుర్తుపెట్టుకుని చెప్పాడు. అవన్నీ సరిపోయాయి. అది గుంటనక్కేనని నాకే తెలిసిపోయింది. "వయసులో ఉన్న నక్క అలాగే సన్నగా ఉంటుందండీ" అని చెప్పి పంపేసింది.

మొన్నామధ్య విశాఖపట్నం నుంచి అనుదీప్ అనే పరిశోధకుడు ఫోను చేశాడు. బాబ్జీ పెట్టిన పాత వీడియో ఎలాగో అతనికి చేరింది. స్పీకర్లో పెట్టి నీళ్ళ పరీక్ష చేసుకుంటూనే మాట్లాడింది కాబట్టి నేను అంతా విన్నాను. ఎంత మర్యాదగా అడిగాడో. డెల్టాలో గుంటనక్క ఉందని తేలితే చాలా పెద్ద విషయమండీ, ఆ ప్రాంతం మీకే బాగా తెలుసని విన్నాను, మీరు కూడా మాతో కలిసి పనిచేయాలని మా కోరిక అన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట ఆమె వినాలనుకున్న మాటలన్నీ అతను అనేశాడు.

"వీడియో సరిగ్గా రాలేదండీ, అందుకే అలా కనిపిస్తోంది. అది మామూలు నక్క" అంది సుధ. "మా వైపు గుంటనక్కలు లేవండీ. నేను చాలా ఏళ్ళు వెతికాను."

ఫోను పెట్టేసి మళ్ళీ సీసా అందుకుంది. అంత చదువు, అన్ని ఆదివారాలు, అన్ని పొద్దులూ తన చేత్తోనే తుడిచేసుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం కష్టం. నిజంగా లేకపోతే ఆ మాట నిజమే. కానీ ఈమధ్య ఆమె స్కూటీ చక్రాలకు చౌడు మట్టి తెల్లగా పట్టి ఉంటోంది. ల్యాబు పని మీద ఆమె వెళ్ళే చెరువుల దారులన్నీ నల్లరేగడివే. చిన్నబాబు పర్ర ఇప్పుడు నీళ్ళలో ఉంది. ఆ మట్టి ఎక్కడిదో నాకు తెలియదు.

అడిగేశాను. "మనలో మాట. ఇంకా ఉన్నాయా అమ్మాయ్, ఎక్కడైనా?"

సుధ నా వైపు చూసింది. నాతో చాలా ఏళ్ళుగా కలిసి టీ తాగిన మనిషి, నాతో కలిసి గొయ్యి తీసిన మనిషి. ఆ చూపులో కోపం లేదు. రోజూ నలభైమంది రైతులు వచ్చి కూర్చునే కొట్టు నాది, నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడే అంటుంది. అదంతా ఆలోచించుకున్నట్టే కాసేపు చూసింది.

"లేవు బాబాయి గారూ" అంది.

సరేనమ్మా అని మెట్లు దిగి వచ్చాను. ఆమె చేసింది న్యాయమే, నేనైనా అదే చేస్తాను. అయినా ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.